నాలుగు రోజులు ఆగితే మంచు గట్టిపడుతుందా? సాంక్రి వెళ్ళే గుంటూరు మిత్రులకు ఒక జవాబు

గుంటూరు నుంచి ఆరుగురు మిత్రులు సంక్రాంతి సెలవుల్లో ఉత్తరాఖండ్‌లోని సాంక్రికి వెళ్ళి, కేదార్‌కంఠ శిఖర యాత్ర ముగిశాక, గైడు లేకుండా మరో రెండు రోజులు చుట్టుపక్కల మంచు వాలుల మీద సొంతంగా తిరగాలని అనుకుంటున్నట్లు మీరు రాశారు. మీరు అడిగినవి రెండు. మంచు కురిశాక నాలుగు రోజులు ఆగితే అది గట్టిపడి ప్రమాదం తొలగిపోతుందని ఎవరో చెప్పిన మాట నిజమేనా అన్నది ఒకటి; మంచును తవ్వి పరీక్షించే పద్ధతిని రాతపూర్వకంగా నేర్పగలరా అన్నది రెండోది. మొదటిది సగమే నిజం. రెండోది నేర్పగలను గానీ, దాని మీద ఆధారపడి మీరు ఏ వాలు మీదా అడుగు పెట్టకూడదు. విజయవాడలో పుట్టి పెరిగి, ముప్పయ్యేళ్ళ వయసులో మొదటిసారి మంచును తాకి, ఆ తరువాత పర్వతారోహణలో రెండు స్థాయుల శిక్షణ పూర్తి చేసి, ఇరవై రెండు చలికాలాలు గఢ్వాల్ (సాంక్రి ఉన్న ప్రాంతం), కాశ్మీర్ కొండల్లో జట్లతో తిరిగినవాడిగా ఇది రాస్తున్నాను. మైదాన ప్రాంతం నుంచి వెళ్ళేవారు ఎక్కడ పొరబడతారో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ పొరపాట్లన్నీ నేను చేసినవే.

ముందు మాటల సంగతి ఒకటి తేల్చుకోవాలి. తెల్లవారుజామున కృష్ణ కరకట్ట మీద కమ్ముకునేదీ మనకు మంచే, గడ్డిపరక మీద బొట్టుగా నిలిచేదీ మంచే, కొండ మీద నిలువెత్తున పేరుకునేదీ మంచే. మన వాతావరణానికి ఒక్క మాట సరిపోయింది కాబట్టి అందులో తప్పేమీ లేదు. పత్రికలు కూడా ఆకాశం నుంచి మంచు కురవడాన్నీ, కొండ మీది మంచు ఊడి కిందికి దూసుకురావడాన్నీ రెండింటినీ హిమపాతం అనే రాస్తుంటాయి. కురిసే మంచు చూడముచ్చటగా ఉంటుంది, ఊడివచ్చే మంచు మనిషిని చంపుతుంది. రెండింటికీ ఒకే పేరుంటే చదివేవాడికి భయం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అందుకని ఈ జవాబులో ఊడివచ్చేదాన్ని మంచుచరియ అంటాను. గట్టిపడి ఒకే ముక్కగా కదిలే పొరను పలక అనీ, గాలికి కొండ వెన్ను మీద బయటికి పొడుచుకువచ్చిన మంచును చూరు అనీ అంటాను.

మంచుచరియలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం మనకు పరిచయమైనదే. లారీ నుంచి దించిన ఇసుక గుట్టను పక్కన కాస్త గీకితే, ఒక చోట మొదలై కిందికి పోయేకొద్దీ విసనకర్రలా వెడల్పవుతూ జారుతుంది. పొడి మంచు కూడా ఒక్కోసారి అలాగే జారుతుంది. అది మనిషిని లోయలోకో రాళ్ళ మీదికో నెట్టగలదు గానీ, కొండల్లో తిరిగేవారిని ఎక్కువగా బలిగొనేది అది కాదు. ప్రాణాలు తీసేది రెండో రకమైన పలక చరియ. గుంటూరు మిర్చి యార్డు చూసినవారికి దీన్ని చెప్పడం తేలిక. ఏటవాలుగా ఉన్న సిమెంటు నేల మీద మిర్చి గింజలను పలుచగా పరిచి, వాటి మీద టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, ఒకదానికొకటి కుట్టి దుప్పటిలా పరిచారనుకోండి. పైనుంచి చూస్తే టిక్కీలు గట్టిగా, కదలకుండా కనిపిస్తాయి, వాటి మీద నడవవచ్చు కూడా. అయితే ఎవరో ఒకరు సరిగ్గా గింజలు వదులుగా ఉన్న చోట కాలు వేయగానే కింద గింజలు దొర్లి, ఆ దొర్లడం అన్ని వైపులకూ పాకి, దుప్పటి మొత్తం ఒకేసారి జారిపోతుంది. అప్పుడు పగులు మీ కాళ్ళ దగ్గర పడదు, మీకంటే ఎంతో పైన పడుతుంది. మీరు జారుతున్న పలక మధ్యలో ఉంటారు. పక్కకు పరుగెత్తి తప్పించుకోవచ్చన్న ఆలోచనకు అక్కడ సమయం ఉండదు.

దాని బరువు ఎంతో ఒకసారి లెక్క వేద్దాం. ఇరవై మీటర్ల పొడవు, ముప్పై మీటర్ల వెడల్పు, అరమీటరు మందం ఉన్న పలకను కొండల్లో చిన్నదనే అంటారు. ఒక ఘనపు మీటరు మంచు 250 కిలోలు తూగినా మొత్తం 75 టన్నులు అవుతుంది. నలభై అయిదు కిలోల టిక్కీలుగా లెక్కపెడితే దాదాపు 1,670 టిక్కీలు ఒకేసారి మీ మీదికి వచ్చినట్లు. మంచు దూదిలాంటిదని, పడితే మెత్తగా ఉంటుందని మీ ప్రశ్నలో రాశారు కాబట్టి ఈ లెక్క చెప్పవలసి వచ్చింది.

ఇక నాలుగు రోజుల మాట. కొత్తగా కురిసిన మంచు మొదట్లో చాలా తేలికగా ఉండి, తన బరువుకు తానే అణిగి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది. కొత్త మంచులోపలే ఉన్న బలహీనత చాలాసార్లు ఒకటి నుంచి మూడు రోజుల్లో తగ్గుతుంది. కాశ్మీరులోని పీర్ పంజాల్ శ్రేణిలా మంచు దండిగా కురిసి, చలి మరీ తీవ్రంగా లేని చోట ఇది త్వరగా జరుగుతుంది. మీకు చెప్పిన పెద్దమనిషి చూసింది బహుశా ఇదే, ఆయన అబద్ధం చెప్పలేదు. అయితే ఆ మాట పైపొరకు మాత్రమే వర్తిస్తుంది. అడుగున ఏముందో ఆయన చెప్పలేదు.

అడుగున జరిగేది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన లోకజ్ఞానానికి అడ్డంగా ఉండే విషయం. దట్టమైన మంచు కింద నేల ఎంత చలిలోనైనా సున్నా డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, ఎందుకంటే మంచు దుప్పటిలా భూమి వేడిని పట్టి ఉంచుతుంది. పైభాగం మాత్రం ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి మైనస్ పదిహేను దాకా పడిపోతుంది. మంచు మందం అరమీటరే ఉందనుకోండి, ఆ అరమీటరులో పదిహేను డిగ్రీల తేడా ఉంది. అంటే మీటరుకు ముప్పై డిగ్రీలు. మీటరుకు పది డిగ్రీలు దాటితే చాలు, నేల దగ్గరి ఆవిరి పైకి ప్రయాణిస్తూ రేణువుల మధ్య అతుకులను తినేసి, వాటిని కోణాలు తేలిన పెద్ద స్ఫటికాలుగా మార్చేస్తుంది. చేతిలోకి తీసుకుంటే అవి అచ్చం కల్లుప్పులా ఉంటాయి. పిడికిలి బిగించినా ముద్ద కట్టవు, వేళ్ళ సందుల్లోంచి జారిపోతాయి. అదే చలిలో మంచు రెండు మీటర్ల మందం ఉంటే తేడా మీటరుకు ఏడున్నర డిగ్రీలే కాబట్టి అతుకులు నిలుస్తాయి. అంటే తక్కువ మంచు పడిన ఏడాది, ఎండ కాసి ఆకాశం నీలంగా మెరిసే వారాల్లో, ఎవరికీ అనుమానం రాని వేళ, అడుగున కల్లుప్పు తయారవుతూ ఉంటుంది. దాని మీద తరువాత ఒక పెద్ద మంచు పడితే పలక సిద్ధం. ఈ కల్లుప్పు పొర నాలుగు రోజుల్లో కాదు, కొన్నిసార్లు నాలుగు వారాలైనా, అంతకంటే ఎక్కువైనా బాగుపడదు. కారకోరం, లడఖ్ వంటి పొడి చలి ప్రాంతాల్లో ఇది ఎక్కువ, పీర్ పంజాల్‌లో తక్కువ, మీరు వెళ్ళే గఢ్వాల్ ఈ రెండింటికీ మధ్యస్థం. ఉత్తరం వైపు తిరిగిన వాలుల మీద చలికాలంలో ఎండ పడదు కాబట్టి అక్కడ ఈ పొర ఇంకా ఎక్కువ కాలం బతికి ఉంటుంది.

సంక్రాంతి నాటికి సరిగ్గా ఈ పరిస్థితి ఏర్పడే అవకాశం ఉంది. డిసెంబరులో కొద్దిపాటి మంచు పడి, ఆపైన వారాల తరబడి పొడి వాతావరణం ఉండి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో పశ్చిమం నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు ఒక్కసారిగా పెద్ద మంచు కురిపించడం హిమాలయాల్లో తరచుగా జరిగేదే.

వాతావరణం సంగతి వచ్చింది కాబట్టి మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటి చెబుతాను. 2014 అక్టోబరు 12న విశాఖ మీద విరుచుకుపడిన హుద్‌హుద్ తుపాను మనందరికీ గుర్తే. తీరం దాటి బలహీనపడిన ఆ వ్యవస్థ ఉత్తరానికి సాగి, రెండు రోజుల తరువాత నేపాల్‌లోని అన్నపూర్ణ ప్రాంతంలో భారీగా మంచు కురిపించింది. థోరోంగ్ లా కనుమ దగ్గర, ఆ చుట్టుపక్కల మంచు తుపానులోనూ మంచుచరియల్లోనూ కలిపి 43 మంది చనిపోయారు. అక్టోబరు అక్కడ ట్రెక్కింగుకు ఎంతో మంచి నెల అంటారు. మన తీరంలో కొబ్బరిచెట్లు కూల్చిన తుపానే అక్కడ మంచై పడుతుందని ఆ దారిలో నడుస్తున్నవారిలో చాలామందికి తెలియదు.

గాలి గురించి కూడా రెండు మాటలు. ఆకాశం నుంచి మంచు పడకపోయినా గాలి ఒక వైపు మంచును ఊడ్చి, కొండ వెన్ను దాటించి, చాటు వైపున పోస్తుంది. మంచు కురిసే వేగానికి పది రెట్లు వేగంగా కూడా అలా పోయగలదు. కాబట్టి "నిన్న మంచు పడలేదు" అన్నది ధీమాకు ఆధారం కాదు. వెన్ను మీద చూరు ఏ వైపుకు పొడుచుకువచ్చిందో ఆ వైపు వాలు గాలి పోసిన బరువును మోస్తోందని గుర్తు. ఆ మంచు నున్నగా, సుద్దముక్కలా, అడుగు వేస్తే డప్పులా బోలుగా మోగుతుంది. చూరు అంచున నిలబడి ఫొటో దిగడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆ అంచు మీరనుకున్న చోట కాకుండా, మీ వెనుక గట్టి నేల మొదలయ్యే చోట తెగుతుంది.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వస్తాను. తవ్వి చూసే పరీక్షల్లో అందరికీ తెలిసినది ఇది: వాలు మీద ఒక గొయ్యి తవ్వి, దాని పై గోడలో ముప్పై సెంటీమీటర్ల వెడల్పు, ముందు నుంచి వెనక్కి ముప్పై సెంటీమీటర్ల మందం ఉన్న మంచు స్తంభాన్ని నాలుగు వైపులా విడదీస్తారు. దాని నెత్తిన పార రేకును బోర్లించి, మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది తడతారు. ఎన్నో దెబ్బకు, ఏ లోతులో స్తంభం తెగిందో చూస్తారు. తెగిన తీరు కూడా ముఖ్యం. పెళుసుగా, నున్నగా, సొరుగు లాగినట్లు బయటికి జారితే అది చెడ్డ కబురు. చేయడం కష్టమేమీ కాదు, అరగంటలో నేర్చుకోవచ్చు. ఇక్కడే నాకు జరిగిన ఒక అనుభవం చెప్పాలి.

పదిహేడేళ్ళ క్రితం ఫిబ్రవరిలో గఢ్వాల్‌లో ఏడుగురం ఒక చిన్న శిఖరానికి వెళ్ళాం. మంచు కురిసి అయిదు రోజులైంది, ఆకాశంలో మబ్బు తునక లేదు. శిబిరానికి దగ్గరలో పొద్దున్నే నేనే గొయ్యి తవ్వి పరీక్ష చేశాను. ముప్పై దెబ్బలకూ స్తంభం తెగలేదు. నోటుపుస్తకంలో తేదీ వేసి, "గట్టిగా ఉంది" అని రాసి, కింద గీత కూడా గీశాను. రెండు గంటల తరువాత ఒక పచ్చిక మైదానం అంచున, దాదాపు సమతలమైన చోట నడుస్తున్నాం. కాళ్ళ కింద పెద్ద పరుపు మీద కూర్చుంటే గాలి వదిలినట్లు "వుఫ్" మని ఒక శబ్దం వచ్చి, నేల వేలెడంత కుంగింది. ఆ కుంగుడు అలలా మా నుంచి పైకి పాకి, అరవై మీటర్ల పైన ఉన్న వాలు మీద అడ్డంగా గీత పడి, వాలు మొత్తం అద్దం పగిలినట్లు ముక్కలై కిందికి వచ్చింది. ముందున్న మిత్రుడికి పది అడుగుల దూరంలో ఆగిపోయింది. మేము ఎవరమూ ఆ వాలు మీద కాలు పెట్టలేదు. సమతలం మీద నిలబడి, దూరం నుంచే దాన్ని కదిలించాం. తరువాత వెళ్ళి చూస్తే అడుగున రెండు వేళ్ళ మందాన కల్లుప్పు. పొద్దున నేను తవ్విన గొయ్యికీ ఆ చోటుకూ మధ్య దూరం మూడు వందల మీటర్లు ఉంటుంది. గొయ్యి అబద్ధం చెప్పలేదు, అది ఉన్న చోటి సంగతి అది చెప్పింది. ఒక్క చోటి మాటను కొండ మొత్తానికి అన్వయించిన తప్పు నాది.

అందుకే పరీక్షను నేను ఒక్క దిశలోనే నమ్ముతాను. స్తంభం తేలిగ్గా తెగితే వెనక్కు తిరుగుతాను. తెగకపోతే దాన్ని అనుమతి పత్రంగా తీసుకోను. ఇరవై రెండేళ్ళ తరువాత నా పద్ధతి ఇది. మొదటిసారి మంచు చూసే ఆరుగురు, ఇద్దరి చేతుల్లో పారలతో, ఒక్క గొయ్యి ఆధారంగా ప్రాణాల మీద నిర్ణయం తీసుకోవడం నాకు సమ్మతం కాదు.

మరి దేని ఆధారంగా నిర్ణయించుకోవాలి అంటే, వాలు కోణం ఆధారంగా. మంచు పొరలు కనబడవు, రోజుకొక తీరుగా మారతాయి, చదవడానికి ఏళ్ళు పడుతుంది. వాలు కంటి ఎదుటే ఉంటుంది, నిన్నటిలాగే రేపూ ఉంటుంది, కొలవడానికి చేతిలోని ఫోను చాలు. పలక చరియల్లో అత్యధికం 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద మొదలవుతాయి, 38 డిగ్రీల చుట్టుపక్కల మరీ ఎక్కువ. అంతకంటే నిటారుగా ఉంటే మంచు పేరుకోకముందే రాలిపోతూ ఉంటుంది. 30 కంటే తక్కువైతే పలక తెగినా జారడం అరుదు. ముప్పై డిగ్రీలంటే ఎంతో తెలియాలంటే మీ ఇంటి మేడ మెట్లు చూడండి. ఆరు అంగుళాల ఎత్తు, పది అంగుళాల వెడల్పు ఉన్న మెట్ల వరస సరిగ్గా 31 డిగ్రీలు. రోజూ కూరగాయల సంచీతో ఎక్కే ఆ వాలే కొండ మీద మంచుచరియకు ఆరంభ స్థలం కాగలదు. చూడడానికి ఏమంత నిటారు కాదు కాబట్టే మనుషులు దాని మీదికి వెళతారు.

బయలుదేరే ముందు రెండు ఆదివారాలు కొండవీడు గానీ ఉండవల్లి గానీ వెళ్ళి, ముందు కంటితో చూసి కోణం ఊహించి కాగితం మీద రాసుకుని, తరువాత ఫోనులోని కోణమానినితో కొలిచి చూసుకోండి. పొడవైన ఊతకర్రను వాలు మీద పడుకోబెట్టి, దాని మీద ఫోను ఆనించి కొలిస్తే చిన్న చిన్న గతుకుల వల్ల లెక్క తప్పదు. మొదట్లో అందరూ అయిదు నుంచి పది డిగ్రీలు పొరబడతారు. కాగితపు పటంలో చూసుకోవాలంటే, 1:50,000 పటంలో నలభై మీటర్ల ఎత్తుకొక కాంటూరు గీత (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ఉన్నప్పుడు ముప్పై డిగ్రీల వాలు వద్ద రెండు గీతల మధ్య ఎడం 1.4 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతకంటే దగ్గరగా గీతలు ముద్దగా కనిపిస్తే ఆ చోటు మీది కాదు. ఫోనులో వాలులకు రంగులు వేసి చూపే పటాలు ఉపయోగపడతాయి గానీ, చిన్న గట్లనూ గొందులనూ అవి మింగేస్తాయి.

మీరు నడిచే వాలు ఒక్కటే కాదు, మీ పైన ఉన్న వాలు కూడా మీదే. 2023 ఏప్రిల్ 4న సిక్కింలో నాథులాకు వెళ్ళే రోడ్డు మీద మంచుచరియ పడి ఏడుగురు పర్యాటకులు చనిపోయారు. వారు పర్వతారోహకులు కారు, వాహనాల్లో విహారానికి వచ్చినవారు. 13వ మైలు వరకే అనుమతి ఉంటే 15వ మైలు దాకా వెళ్ళారు. విజయవాడ మొగల్రాజపురం కొండ కింద ఇళ్ళున్నవారికి ఈ విషయం నేను చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టు చివరి వానలకు అక్కడ కొండచరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ ఇళ్ళలో ఎవరూ కొండ ఎక్కలేదు. సాంక్రి నుంచి హర్ కీ దూన్ వైపు వెళ్ళే లోయ దారి నది వెంట హాయిగా సాగుతుంది. అయితే లోయ దారుల్లో నడిచేటప్పుడు కాళ్ళ కిందికన్నా తల పైకి ఎక్కువ చూడాలి. కింద ఏముందో కూడా చూడాలి. జారే మంచు కొద్దిగానే ఉన్నా, అది మిమ్మల్ని ఒక వాగు గొందిలోకి నెడితే అక్కడ మనిషి లోతు పేరుకుంటుంది.

కొన్ని సంకేతాలు మాత్రం ఏ అనుభవమూ లేనివారికి కూడా అర్థమవుతాయి. పక్క వాలు మీద ఈ రోజో నిన్నో చరియ పడిన జాడ, నేను చెప్పిన "వుఫ్" శబ్దం, అడుగు వేస్తే మంచులో ముందుకు పరుగెత్తే పగులు: ఈ మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు 30 డిగ్రీల మాట మరిచిపోయి సమతలానికి రావాలి. ఒక్క రోజులో ముప్పై సెంటీమీటర్లు కొత్త మంచు పడినా, మంచు మీద వాన పడినా, ఉన్నట్టుండి ఎండ కాసి చెట్ల మీది మంచు ముద్దలుగా రాలుతున్నా అదే మాట. చండీగఢ్ కేంద్రంగా పనిచేసే డీఆర్‌డీవో వారి డీజీఆర్ఈ సంస్థ చలికాలమంతా మంచుచరియల హెచ్చరికలు ఇస్తుంది. మనాలిలో 1969 నుంచి ఈ పని చేసిన సాసే అనే సంస్థే 2020లో మరో ప్రయోగశాలతో కలిసి ఈ పేరుతో మారింది. ఆ హెచ్చరిక జిల్లాల వారీగా, ఫలానా ఎత్తుకు పైన అన్న షరతుతో ఉంటుంది. మీరు వెళ్ళేది ఉత్తరకాశీ జిల్లా. రోజూ చూడండి, ప్రమాదం ఉందంటే ఆగండి. లేదంటే మాత్రం, గొయ్యి విషయంలో చెప్పినట్లే, దాన్ని అనుమతి పత్రం అనుకోకండి.

నైపుణ్యం ఉంటే తప్పించుకోవచ్చన్న ధీమా గురించి ఒక్క మాట. 2022 అక్టోబరు 4న అదే ఉత్తరకాశీ జిల్లాలో ద్రౌపదీ కా దండా శిఖరం దగ్గర నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం మంచుచరియలో చిక్కుకుని 29 మందిని కోల్పోయింది. వారిలో అదే ఏడాది మే నెలలో ఎవరెస్టు, మకాలు శిఖరాలు ఎక్కిన శిక్షకురాలు సవితా కంస్వాల్ కూడా ఉన్నారు. వారికంటే మనకు ఎక్కువ తెలుసని అనుకునే ధైర్యం నాకు లేదు.

పూడుకుపోతే ఏమవుతుంది? కదులుతున్నంతసేపు నీళ్ళలా ఉన్న మంచు ఆగిన మరుక్షణం రేణువులు అతుక్కుపోయి సిమెంటులా బిగుస్తుంది, చిటికెన వేలు కూడా కదపలేరు. చనిపోయేవారిలో ఎక్కువమంది ఊపిరాడకే చనిపోతారు. మొదటి పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు, అరగంట దాటితే బతికేది దాదాపు మూడోవంతే. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పదిమంది సైనికులు పూడుకుపోయినప్పుడు లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తరువాత ప్రాణాలతో దొరికారు, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ పదిమందిలో మన అప్పటి కర్నూలు జిల్లా సిపాయి కూడా ఒకరు. 2025 ఫిబ్రవరి 28న మానా దగ్గర రోడ్డు పని శిబిరం మీద చరియ పడినప్పుడు 54 మంది కార్మికుల్లో 46 మంది బతికారు. చాలామంది ఇనుప కంటెయినర్లలో ఉన్నారు, వాటిలో గాలి ఉంది. వాలు మీద నడిచే మీ చుట్టూ కంటెయినరు ఉండదు. హెలికాప్టరు గంటల తరువాత వస్తుంది. కాబట్టి మిమ్మల్ని తవ్వి తీయగలిగేది మీ పక్కన నడుస్తున్న మిత్రుడే, అది కూడా అతడు పూడుకుపోకపోతేనే. అనుమానం ఉన్న చోట గుంపుగా కాకుండా ఒకరి తరువాత ఒకరు దాటి, మిగిలినవారు సురక్షిత స్థలం నుంచి చూస్తూ ఉండాలన్న నియమం అందుకే పుట్టింది.

పరికరాల విషయం క్లుప్తంగా: పూడుకుపోయినవారి జాడను రేడియో సంకేతంతో పట్టిచ్చే, 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే ట్రాన్స్‌సీవర్, మంచులో గుచ్చి వెతకడానికి రెండున్నర మీటర్లకు తగ్గని మడత ఊచ, లోహపు రేకు పార. ఈ మూడూ ఆరుగురిలో ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి, ఒకటి తగ్గినా మిగతా రెండూ వృథా. ప్లాస్టిక్ పారలు బిగిసిన మంచులో విరుగుతాయి. ట్రాన్స్‌సీవరుకు కొత్త ఆల్కలైన్ సెల్సే వేయండి, ఫోనును దానికి కనీసం ఇరవై సెంటీమీటర్ల దూరంలోనూ, వెతికేటప్పుడు యాభై సెంటీమీటర్లకు పైగానూ ఉంచండి. ముందుగానే అద్దెకు తెచ్చుకోగలిగితే సూర్యలంక బీచ్‌లో ఒక సంచీలో పరికరాన్ని పెట్టి, మీలో ఒకరు రహస్యంగా ఇసుకలో మీటరు లోతున పాతి, మిగిలినవారు గడియారం పెట్టుకుని వెతకండి. మొదటిసారి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. ఆ అంకెను చూశాక మీ ప్రణాళికను మీరే మార్చుకుంటారని నా నమ్మకం. ఇసుకలోనైనా వెతకడం కంటే తవ్వడానికే ఎక్కువ సమయం పడుతుందని కూడా అప్పుడే తెలుస్తుంది.

మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మంచు కాదు, "ఆదివారం ఢిల్లీ నుంచి విజయవాడకు రిటర్న్ టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి" అన్న వాక్యం. పలక చరియలో చిక్కుకున్నవారిలో పదింట తొమ్మిది సందర్భాల్లో దాన్ని కదిలించింది వారో, వారి జట్టువారో. అంటే ప్రమాదం వెతుక్కుంటూ రాలేదు, వీరే దాని మీదికి వెళ్ళారు. వెళ్ళడానికి కారణాలు ఎప్పుడూ ఇలాంటివే ఉంటాయి: సెలవు అయిపోతోంది, ఇంత దూరం వచ్చాం, ముందు వెళ్ళినవారి అడుగులు కనిపిస్తున్నాయి, ఆరుగురిలో ఒకరికి భయంగా ఉన్నా మిగతా అయిదుగురి ముందు చెప్పడానికి మొహమాటం. ఆ మొహమాటం మన దగ్గర మరీ ఎక్కువ. నా జట్లలో ఒక నియమం పెట్టుకున్నాం. ఎవరు "వద్దు" అన్నా కారణం అడగకుండా జట్టు మొత్తం తిరిగి వస్తుంది, రైల్లో కూడా దాని గురించి ఎవరూ ఎత్తిపొడవరు.

ఇక మీ రెండు రోజులకు నా సలహా. 12,500 అడుగుల కేదార్‌కంఠ దారిలో చాలా భాగం అడవిలోంచీ గట్ల మీదుగానూ పోతుంది కాబట్టి అంతమంది వెళ్ళిరాగలుగుతున్నారు. పక్క వాలులకు ఆ భరోసా లేదు. పై రెండు రోజులకు కూడా గైడును పెట్టుకోండి, 25 డిగ్రీలు దాటని చోట్లనే, పైన కూడా నిటారు వాలు లేని చోట్లనే తిరగండి. గైడు వద్దనుకుంటే సాంక్రి చుట్టుపక్కల ఊళ్ళ మధ్య దారుల్లో నడవండి, ఆ కొండ ఇళ్ళు, దేవదారు దూలాల గుళ్ళు చూడడానికి రెండు రోజులు చాలవు. దట్టమైన అడవి చాలావరకు మేలే గానీ, ఒక్క విషయం గమనించండి. అడవి మధ్యలో పైనుంచి కిందికి చెట్లే లేని నిలువు చీలిక ఒకటి కనిపించి, దాని అంచుల్లోని చెట్లకు పై వైపు కొమ్మలన్నీ విరిగి కింది వైపు కొమ్మలు మాత్రమే మిగిలి ఉంటే, అది మంచుచరియ ఏటా దిగివచ్చే దారి. ఎండ బాగా పడుతుంది కాబట్టి అందరూ టిఫిను పొట్లాలు విప్పేది సరిగ్గా అక్కడే. మీరు మాత్రం దాన్ని ఒక్కొక్కరుగా దాటి, అవతలి చెట్ల నీడలోకి వెళ్ళాకే విప్పండి.